రాతికి వేసిన నిచ్చెన

నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడంటే మా క్వార్టర్లో గిన్నె చప్పుడైనా కూడదు. ఎండాకాలం సెలవుల్లో అమ్మ నన్ను పొద్దున్నే బయటికి తరిమేసేది. తొంభైల మొదట్లో, నాకు పదమూడేళ్లప్పుడు, సెక్టర్ 7 పార్కులోని రాయి అలాగే దొరికింది. టౌన్‌షిప్ కట్టేటప్పుడు పగలగొట్టలేక వదిలేసినట్టున్నారు. రెండు నిలువుల ఎత్తు. ఒక వైపు నుంచి మేకలు కూడా ఎక్కేవి. రెండో వైపు మాత్రం పైకి వెళ్లేకొద్దీ మన మీదికి వంగి ఉండేది. నాకు ఆ వైపే కావాలి.

పక్క క్వార్టర్ హిందీవాళ్లమ్మాయి, నేను దీదీ అని పిలిచే అక్క, కింద చేతులు చాపి నిలబడేది. అరచేతుల చెమటకి అమ్మ ముగ్గుపిండి దొంగిలించి రాసుకునేదాన్ని. రాతి మధ్యలో రెండు వేళ్లు దూరేంత పగులుంది. దాన్ని పట్టుకుని వేలాడి, కాలు పైకి వేసి, అంచు అందుకోవాలి. ఆ వేసవంతా నాకు వేరే ధ్యాస లేదు. ఒకరోజు వేళ్లు అంచుకు తగిలాయి కూడా. తగిలి జారాయి. మోకాలు చీరుకుపోయింది.

నాన్న ప్లాంటులో వెల్డర్. రక్తం చూసి తిట్టలేదు, ఎక్కడ పడ్డావని మాత్రం అడిగాడు. ఎవరైనా జారిన చోట ముందు ఇనుము బిగించాలి, మిగతా మాటలన్నీ తర్వాతే. అది ప్లాంటువాళ్ల పద్ధతి. వీక్లీ ఆఫ్ రోజున తోటి పనివాళ్లిద్దరిని వెంటబెట్టుకుని, తెలిసిన షాపులో చేయించిన నిచ్చెన రిక్షాలో వేయించుకుని వచ్చాడు. సరిగ్గా నేను పడిన వైపే బిగించాడు. నిచ్చెన కొక్కేలు దిగడానికి ఆ పగులు అనువుగా ఉందట, వాటిని అందులోకే దించి సిమెంటు కూరాడు. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆపమని అనాలనే ఉంది. నిద్ర మానుకుని వచ్చి, ఎండలో చొక్కా తడిసిపోయిన మనిషితో ఏమని చెప్పను?

"ఇప్పుడెక్కమ్మా. ఇంక పడిపోవు" అన్నాడు.

ఎక్కాను. చేతులు నొప్పి కూడా పెట్టలేదు. పైన నిలబడితే ఏడుపొచ్చింది. ఇంకో వారం దొరికి ఉంటే ఆ రాయి నాకు లొంగేదో లేదో ఇప్పటికీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు, ఈ వయసులోనూ అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

దిగాక నాన్న నా మొహం చూశాడు.

"ఏటమ్మా ఏడస్తన్నావు? బయమేసిందేటి?"

అవునన్నాను.

ఆయన తరువాతి ఆఫ్ రోజున మళ్లీ నిద్ర మానుకుని వెళ్లి, నేను పట్టుకోవడానికి నిచ్చెనకు రెండు వైపులా కమ్మీలు వెల్డింగు చేసి వచ్చాడు.