నా చేయి పట్టని నర్సు

మా ఆయన పోయిన పదో రోజున ఆడవాళ్లంతా కలిసి నా చేతులను పీటకు అదిమిపట్టి, గాజులను రాయితో పగలగొట్టారు. పెంకులు మణికట్లలో దిగాయి. ఆనాటి నుంచి ఎవరు నా చేయి పట్టినా ఊపిరి అందేది కాదు, గుండె గొంతులో కొట్టుకునేది, ఇక చచ్చిపోతాననిపించేది. చివరికి ఓ రోజు మావాళ్లు పాతబస్తీ నుంచి రిక్షాలో వేసి ఆసుపత్రికి తెచ్చారు.

అక్కడొక నర్సు నాడి చూద్దామని నా మణికట్టు పట్టింది. ఆమె మొహం మీద గుద్దాను. చేయి కొరికాను, నోట్లోకి రక్తం వచ్చింది. వార్డుబాయ్ తాళ్లు తెచ్చాడు.

"కట్టేద్దాం సిస్టర్. లేకుంటే అందర్నీ కొరుకుతది."

"ఆగు భాయ్! ఆ మచ్చలు చూడు. చేతులు కడితే ఈమె పానమే పోతది," అంది నర్సు, పగిలిన పెదవి తుడుచుకుంటూ.

తర్వాత తన చేయే నా ముందు చాపింది.

"నేను పట్టనక్కా. నువ్వే నా నాడి పట్టు. ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పు."

గోళ్లు దిగేలా పట్టాను. ఆమె లాక్కోలేదు. నాకు ఇరవై దాకానే లెక్క వచ్చు. ఇరవై కాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. అట్లా లెక్కపెడుతుంటే నా ఊపిరి నాకు దొరికింది. భయం వచ్చినప్పుడల్లా ఆమె అట్లాగే చేయి చాపేది.

ఇంటికి పంపే రోజున నేనే చేయి చాపాను. ఆమె వెంటనే ముట్టలేదు.

"పట్టాల్నా అక్కా?"

"పట్టు. కొరికితే గప్పుడు కట్టెయ్యి."

ఆమె నవ్వి నా మణికట్టుకు రెండు వేళ్లు ఆనించింది. ఆ చేతి మీద నా పళ్ల గాట్లు ఇంకా మానలేదు.

నా చేయి పట్టే ముందు అడిగిన మనిషి ఆమె ఒక్కతే. పెళ్లినాడు మా ఆయన కూడా అడగలేదు.