ఇత్తడి ఫ్లోటు మీద అతుకు

పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా తమ్ముడు చేతి గడియారం విప్పాడు. సమయం నాకు కచ్చితంగా తెలుసు. అది నాకే ఇస్తాడని చెయ్యి చాచి, దాని ముళ్లనే చూస్తూ నిలబడ్డాను. బండి పని పట్టినప్పుడల్లా గడియారం నాకు ఇవ్వడం అతని అలవాటు. ఆ రోజు అతని భార్య నాకంటే ఒక అడుగు ముందుంది. గడియారం ఆమె చేతిలోకి పోయింది. ఆమె దాన్ని కొంగు చివర ముడివేసి నడుముకు దోపుకుంది. నేను చాచిన చెయ్యిని దండెం మీది బట్టల వైపు తిప్పాను.

నకిరేకల్ దగ్గర మా ఊరు. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. తమ్ముడు నకిరేకల్ దవాఖానలో కంపౌండరు. నల్లగొండ నుంచి మందులు తేవడానికని, సైన్యం వదిలించుకున్న పాత మోటారు సైకిలు ఒకటి సికింద్రాబాదు నుంచి తెచ్చుకున్నాడు. మా వైపు దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లు. మొదట్లో ఆ చప్పుడు వినబడితే సగం ఊరు చేలల్లోకి పోయేది. మా ఊళ్లోకి మోటార్ల మీద వచ్చినవాళ్లు ముందు రజాకార్లు, తర్వాత కమ్యూనిస్టు సంఘం వాళ్లను వెతికే మిలిటరీ. అందుకని తమ్ముడు కొన్నాళ్లు ఊరి బయటే ఇంజను ఆపి, బండి తోసుకుంటూ ఇంటికి వచ్చాడు.

నేను అతనికి అక్కను. పంతొమ్మిదేళ్లకు భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చాను. నా భర్త బడిపంతులు. కలిసి ఉన్న మూడేళ్లలో నాకు ఇంగ్లీషు నేర్పాడు. తమ్ముడిది ఉర్దూ చదువు; ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. బండితో పాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాను. బండికి ఏం వచ్చినా అతను ముందు నన్ను అడిగేవాడు. "సదువు అక్కది, చెయ్యి నాది" అని ఇంటికి వచ్చినవాళ్లతో చెప్పేవాడు. ఆ ఇంట్లో నాకున్న చోటు అది. నాకు చాలేది.

మరదలు కాపురానికి వచ్చి ఎనిమిది నెలలు. జడ్చర్ల పిల్ల. ఒక్క అక్షరం రాదు. బండి దగ్గర గొంతుక్కూర్చుంటే చీర అంచుకు నూనె అంటినా చూసుకోదు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ మా నాయనను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. ఈమె అనేది. అతను పలికేవాడు. ఆమె మీద నెపం పెట్టడానికి నేను చాలా వెతికాను, దొరకలేదు.

ఆ రోజు వాళ్లిద్దరూ జడ్చర్ల పోవాలి. ఆమె తల్లికి జబ్బు చేసిందని, బిడ్డను చూడాలని అడుగుతున్నదని కబురు వచ్చింది. దారి పొడుగునా తనిఖీలు. మిలిటరీ క్యాంపులో ఇచ్చిన చీటీ ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పొద్దు గుంకేలోపు చేరాలంటే పది గంటలకైనా బయలుదేరాలి. మూటలు కట్టుకుని, బండిని వాకిట్లోకి తెచ్చి, పెట్రోలు కుళాయి తిప్పగానే కార్బురేటరు కింద నుంచి కారడం మొదలైంది. అప్పుడే అతను గడియారం విప్పింది.

"ఏమాయె?" అంది ఆమె.

"కార్తాంది."

"అది నాకూ కనబడ్తాంది. ఎందుకు కార్తాందని అడుగుతున్న."

తమ్ముడు నవ్వాడు. అదే మాట నేను అడిగితే నవ్వేవాడు కాదు, జవాబు చెప్పేవాడు.

కార్బురేటరులో చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఫ్లోటు అనే ఇత్తడి డబ్బీ పెట్రోలు మీద తేలుతుంటుంది. లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. గిన్నె నిండే కొద్దీ అది పైకి లేచి, సూదిని నెట్టి, పెట్రోలు వచ్చే దారి మూస్తుంది. డబ్బీకి చిల్లు పడితే లోపలికి పెట్రోలు పోయి మునుగుతుంది, దారి మూసుకోదు. ఇదంతా అతనికి చదివి చెప్పింది నేనే. అతను ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల చప్పుడైంది.

"చిల్లు యాడుందో ఎట్ల దొరుకుతది?" అని నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె అంది:

"ఏడినీళ్లల్ల ముంచు. మా అన్న సైకిల్ ట్యూబు నీళ్లల్ల ముంచి సూస్తడు గద. ఏడి తాకితే లోపలిది బయటికొస్తది."

పుస్తకంలో సరిగ్గా అదే ఉంది. నేను నిఘంటువు తిరగేసి తెలుసుకున్న సంగతి ఆమె సైకిలు ట్యూబును చూసి చెప్పింది. లోపలికి పోయి నీళ్లు కాచి తెచ్చింది. "వదినె, నీ రాగి గిన్నె తీస్కున్న" అని తెచ్చిన తర్వాత చెప్పింది. ఫ్లోటు ముంచగానే ఒక అంచు నుంచి సన్నని బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి.

"అగో! సూడు, సూడు!" అని అతని భుజం మీద కొట్టింది. నా ముందే.

అతికించడానికి మా పక్క వాడ అవుసులాయనను పిలుచుకొచ్చారు. ముసలాయన, బంగారం పని చేసేవాడు. కుంపటి, ఊదుగొట్టం పట్టుకుని వచ్చాడు.

"పోరగాండ్లకు మొలతాళ్లు చేసేటోన్ని. ఇప్పుడు మిల్ట్రీ బండికి ముక్కుపుడక చెయ్యాల్నా?" అన్నాడు. "లోపల చుక్క లేకుంట ఎండనియ్యి. లేకుంటే ముందుగాల పొయ్యేది నా మీసాలే."

"మీసాలు పోతే అవ్వ గుర్తుపడ్తదా తాతా?" అంది మరదలు.

"పోతేనే సంబురపడ్తది."

ఫ్లోటు ఆరిన తర్వాత ఆయన టంకం పెట్టాడు.

"ఇంకో చుక్క ఎయ్యి తాతా. దూరం పొయ్యేది. దారిల ఊడితే మా అమ్మకాడికి ఎట్ల పోవాలె?"

"ఎంత కావాలంటే అంత ఎస్త. బంగారానికైతే టంకం ఎక్కువేసినవని కొట్లాటకొస్తరు. ఇత్తడికి ఎవలడుగుతరు?" అని ఆయన ఇంకో చుక్క వేశాడు, దాని మీద ఇంకోటి.

అతుకు వీలైనంత పల్చగా ఉండాలని పుస్తకంలో ఉంది. డబ్బీ బరువు పెరిగితే లోతుగా తేలుతుంది, అప్పుడు కూడా పెట్రోలు ఆగదు. ఆ సంగతి నాకు గుర్తుంది. నేను అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. వాళ్లకు నాలుగు బారల దూరం. చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు. అప్పుడు అది నాకు సరిపోయే కారణంగానే తోచింది. బిగించి చూస్తారు, మళ్లీ కారుతుంది, తమ్ముడు లేచి నా దగ్గరికి వస్తాడు అనుకున్నాను. పావుగంట పని. వాళ్ల ప్రయాణం ఆపాలని నేను అనుకోలేదు.

మళ్లీ కారింది. తమ్ముడు నా దగ్గరికి రాలేదు. తప్పు సూదిలో ఉందనుకుని దాన్ని తీసి తోమాడు. తోలు ముక్క కోసి కొత్త వాషరు వేశాడు. విప్పిన ప్రతిసారీ కొంత పెట్రోలు మట్టిలోకి పోయింది. ఆమె పక్కనే కూర్చుని, అతను అడగకముందే పానా అందిస్తున్నది.

ఆమెకు గడియారం చూడడం రాదు. కొంతసేపటికొకసారి అరుగు దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, నా ముందు పట్టేది.

"ఎంతాయె వదినె?"

"తొమ్మిదీ పది."

మళ్లీ వచ్చింది. "ఎంతాయె?"

"పది కావొస్తాంది."

ఆమె వచ్చినప్పుడల్లా టైము చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. పదకొండున్నరకు వచ్చినప్పుడు టైము అడగలేదు.

"జర ఆ బుక్కు సూడరాదు, వదినె. ఆయనకు సమజైతలేదు."

అతను అడగాలని నేను పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఆమె అడిగింది. పుస్తకం తెచ్చి, తెరిచి, చదివి చెప్పాను. అవుసులాయన ఆకురాయితో అతుకు అరగదీశాడు. పన్నెండూ నలభైకి కారడం ఆగింది. తమ్ముడు ఎండ వైపు చూసి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె దారికి కట్టిన రొట్టెల మూట విప్పి అందరికీ పెట్టింది. నాకు కూడా.

కొత్త చీటీ దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. వాళ్లు పోయేసరికి ఆమె తల్లికి మాట పడిపోయింది. బిడ్డ చెయ్యి పట్టుకుని మూడు వారాలు ఉండి చనిపోయింది. "మేం పోదామన్న దినం మాటలు మంచిగనే ఉండెనట, అక్కా" అని తమ్ముడు తిరిగి వచ్చాక చెప్పాడు. అతనికి నా మీద ఏ అనుమానమూ లేదు.

పదకొండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె, నేను చింతపండు గింజలు తీస్తున్నాం. ఉన్నట్టుండి అంది:

"ఆ దినం నువ్వు బుక్కుల ఎతకలేదు, వదినె. తెరుసుడు తెరుసుడే ఆ పేజీ తెరిచినవ్. నాకు సదువు రాదు గని కండ్లున్నయి."

"అవును" అన్నాను.

"మరెందుకు చెప్పలే?"

"నన్నడగలేదని."

ఆమె తన ముందున్న గింజలను చేటలోకి తోసింది. తర్వాత, "ఇగ నేనడగ. అడగకున్నా సదివి చెప్పాలె నువ్వు" అంది. దాని గురించి మళ్లీ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితం ఆమెకు పైకి చదివాను. పేపరు, ఉత్తరాలు, పెండ్లి పత్రికలు, మందు సీసాల మీది చీటీలు. అక్షరాలు నేర్పుతానంటే, "నేను నేర్చుకుంటే నీకేం పనుంటది?" అని నవ్వేది. నా ఈర్ష్య పోలేదు. తమ్ముడు చివరికి మంచం పట్టినప్పుడు నీళ్లు నేను తెచ్చినా ఆమె కోసం చూసేవాడు. ఆమె లేచి, నాకు అతని తల దగ్గర చోటిచ్చి బయటికి పోయేది. అట్లా లేచి చోటివ్వగలగడం కూడా నాకు ఓర్వలేనిదిగానే ఉండేది.

మరదలు చనిపోయి మొన్నటి వానాకాలానికి ఏడాది. పేపరు రోజూ వస్తుంది. కళ్లతో చూసి మడిచి పెడతాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఏదీ పైకి చదవడం లేదు.