మామగారి కారుకు కొత్త ఫ్యూజు పెట్టె

మా ఆయన లెక్క ప్రకారం తప్పంతా కారుదే. ఆ లెక్క నిజం కావాలని నేను మొక్కని దేవుడు లేడు. కారుదైతే బాగు చేయించుకోవచ్చు.

సిరొంచలో మాది బట్టల దుకాణం. మామగారు కొన్న తెల్ల అంబాసిడర్‌లో చీరల మూటలు వేసుకుని మా ఆయన పాతగూడెం వైపు సంతలకు వెళ్లి వస్తుంటాడు. పోయిన చలికాలం ఒకసారి నేనూ వెంట వెళ్లాను. మునిమాపు వేళ తిరిగి వస్తుంటే రోడ్డు నిండా బర్రెలు. ఆయన కారు ఆపడే! నేను కెవ్వున అరిస్తే అప్పుడు తొక్కాడు బ్రేకు. వెనక సీటులోని మూటలన్నీ వచ్చి నా మెడ మీద పడ్డాయి.

"లైట్లు డిమ్మున్నయే, ఏం కనవడ్తలేదు," అన్నాడు తీరిగ్గా.

"మరి నాకెట్ల కనవడ్డయి? నా కండ్లకేమన్న బ్యాటరీ ఉన్నదా?" అన్నాను.

ఆయన హారన్ కొట్టి బర్రెలను తోలాడు.

నా నోరు అలా ఆడిందే గానీ లోపల భయంతో చచ్చిపోతున్నాను. మామగారికీ సరిగ్గా ఇదే వయసులో మొదలైంది. గల్లా ముందు కూర్చుని, "ఆ ట్యూబులైటు మార్చుండ్రి, గుడ్డి దీపం లెక్కున్నది" అని రోజూ ఒకటే గొడవ. మార్చేవాళ్లం. కొత్తది వెలిగించినా అదే మాట. చంద్రాపూర్‌లో పెద్ద డాక్టరుకు చూపిస్తే, కంటి నరం ఎండిపోతోంది, మందు లేదు, ఇది వంశంలో వచ్చేది అన్నాడు. ఆ మాట ముసలాయనకు చెప్పడం ఎవరి వల్లా కాలేదు. చివరికి మా ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. "ఓల్టేజి తక్కువొస్తున్నట్టుంది బాపూ, ట్యూబు ఏం జేస్తది?" అనేవాడు. మామగారు కరెంటు వాళ్లను నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఆయన పోయేదాకా మా ఇంట్లో ఓల్టేజి తక్కువగానే వచ్చింది.

కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం పదమని నేను పోరుతుంటే, మా ఆయన బస్టాండు దగ్గర బండ్ల వైరింగ్ చేసే భాయ్‌ని పిలుచుకొచ్చాడు. భాయ్ బానెట్ ఎత్తి, లోపల తుప్పు పట్టిన నల్ల డబ్బా చూపించాడు. అదే ఫ్యూజు పెట్టె. అందులో ఉన్నవి రెండు గాజు ఫ్యూజులు.

"గింత పెద్ద బండికి రెండే ఫ్యూజులు సేఠ్. హెడ్‌లైట్లకైతే అది గూడ లేదు. కరెంటు సగం తొవ్వలనే ఆగిపోతున్నది. కొత్త పెట్టె ఏస్త, కరెంటు సీదా లైట్లకు పోయేటట్టు రిలేలు ఏస్త, బల్బులు మారుస్త. పగలు లెక్క కొడ్తయి సూడుండ్రి."

మా ఆయన నావైపు చూశాడు, విన్నావా అన్నట్టు. విన్నాను. జన్మలో మొదటిసారి ఆయన మాట గెలిచినందుకు సంతోషపడ్డాను. ఆ పూట భాయ్‌కి అడగకుండానే రెండుసార్లు చాయ్ పెట్టిచ్చాను.

మంచిర్యాల నుంచి కొత్త పెట్టె వచ్చింది. పాత వైర్లన్నీ ఎండకూ నూనెకూ రంగులు పోయి ఒకే మట్టిరంగుకు దిగాయి. విప్పితే ఏది ఎక్కడిదో తెలియదని భాయ్ బెంగ పెట్టుకున్నాడు. బట్టల వాళ్లింట్లో గుర్తులకేం కరువు? దుకాణంలోని జాకెట్టు గుడ్డలు పీలికలుగా కత్తిరించి తెచ్చాను. హారన్ వైరుకు వంగపండు రంగు, వైపర్లకు చిలకపచ్చ, హెడ్‌లైట్లకు నెమలికంఠం కట్టాను. భాయ్ ఈ పేర్లకు నవ్వుకుంటూనే నేర్చుకున్నాడు. వైర్లు అందించే పని మా ఆయన తీసుకున్నాడు.

"సేఠ్, జర నెమలికంఠం ఇయ్యుండ్రి."

మా ఆయన వంగపండు పీలిక ఉన్న వైరు అందించాడు.

గుడ్డ తాను మడత విప్పకుండానే ఇది నేరేడు, అది వంగపండు అని తేల్చే మనిషి ఆయన. గబుక్కున ఆ వైరు లాక్కుని అసలుది భాయ్ చేతిలో పెట్టాను. "అన్ని ఒక్కతీర్గ చిక్కువడ్డయి" అన్నాను, ఎవరూ అడగకపోయినా. భాయ్ తల ఎత్తలేదు.

పని అయ్యేసరికి పొద్దు గూకింది. ఎర్రవీ నీలివీ పసుపువీ బుల్లి ఫ్యూజులు గుచ్చి, భాయ్ మూత బిగించాడు. కారును దుకాణం వెనక గోడకు ఎదురుగా పెట్టాం. మా ఆయన గోడకు ఆనుకుని కారువైపు తిరిగి నిలబడ్డాడు. భాయ్ లోపల కూర్చుని స్విచ్ వేశాడు.

అమ్మో, ఏం వెలుగు! గోడ మీద పెచ్చులూడిన సున్నం, మూలన నక్కిన బల్లి, అన్నీ కనిపించాయి. పక్కన నిలబడ్డ నాకే కళ్లు చెదిరి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం రెండు లైట్లకు ఎదురుగా, కళ్లయినా చికిలించకుండా చూస్తున్నాడు.

"ఇంక డిమ్మే ఉన్నయి గద భాయ్," అన్నాడు.

భాయ్ తలుపు తీసుకుని దిగి, నావైపు చూశాడు. నా నోటికి అడ్డూ అదుపూ లేదని మా వీధి వీధంతా అంటుంది. ఆ క్షణాన మాత్రం నోటికొచ్చిందేదో అనేశాను.

"ఓల్టేజి తక్కువొస్తున్నట్టుంది."

అన్నాక గానీ అది ఎవరి మాటో నాకు గుర్తు రాలేదు. ఆయనకు నాకంటే ముందే గుర్తొచ్చింది. మెల్లగా ముందుకొచ్చి, చేత్తో వెతుక్కుని హెడ్‌లైటు అద్దం మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమన్నట్టు తీసేశాడు.

"మస్తు కాల్తున్నదే," అన్నాడు నాతో. "గింత కాల్తున్నదంటే మంచిగనే ఎలుగుతున్నయి. ఇగ బంద్ చెయ్యి, భాయ్."

భాయ్ లైట్లు ఆర్పి, కారు తాళం ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు. నాకు కారు నడపడం రాదు.