అరువిచ్చిన కార్డు

ప్రభుత్వం మాకు వైద్యం ఇవ్వలేదు, కార్డు ఇచ్చింది. ఆ రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి మా ఇంటికి ఏడాది పట్టింది.

మాది తమిళనాడులో మొరప్పూర్ దగ్గర పల్లె. ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కుర్చీ ఉండేది, డాక్టరు ఉండేవాడు కాదు. నర్సమ్మ జ్వరానికీ నడుం నొప్పికీ ఒకే తెల్లమాత్ర ఇచ్చేది. ఆ కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టడం చేతకాని పెద్దలు, సేలం ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉచితంగా కోయించుకోండని బీమా కార్డులు పంచారు. కోస్తేనే ఉచితం. మాత్రకూ మందుకూ ఆ కార్డు పనికిరాదు.

కార్డు కోసం ఫోటోలు ఒక్క రోజే తీశారు. ఆ రోజు మా పక్కింటి గొర్రెలవాళ్ళు ఊళ్ళో లేరు. కోతలైన పొలాల్లో ఎరువు కోసం మంద కట్టడానికి, ఏటా పోయినట్టే పోయారు. తిరిగొచ్చి అడిగితే, నీకు గొర్రెలు ముఖ్యమా సర్కారు ముఖ్యమా అని గుమాస్తా ఎగతాళి చేశాడట. గొర్రెలు అన్నం పెడతాయి. ఆ గుమాస్తా ఎవరికేం పెట్టాడో నాకు ఈనాటికీ తెలియదు.

కొన్నాళ్ళకు ఆ గొర్రెలవాళ్ళ ఇంటావిడకు గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. సరిగ్గా అప్పుడే, ఆపరేషన్లకు ఆడవాళ్ళను ఏరుకోవడానికి సేలం నుంచి ఒక ఆసుపత్రి వ్యాను వచ్చింది. అందులోంచి దిగిన ఇస్త్రీ చొక్కా మనిషి, కార్డు లేకపోతే ఈడుకు తగ్గ ఇంకొకరిది తెచ్చుకోమన్నాడు. ఫోటోలో మీరంతా ఒకటేలే అని నవ్వాడు కూడా. మా ఊళ్ళో కాడి, గంప, పెళ్ళికి పెట్టుకునే కమ్మలు అన్నీ ఇచ్చిపుచ్చుకునేవే. అమ్మ ట్రంకు పెట్టెలోంచి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. చదువుకున్నదాన్ని, నేనూ పక్కనే ఉండి నోరు మెదపలేదు. నా చదువు అంత గొప్పది.

ఆవిడ బాగుపడి వచ్చింది. ఆర్నెల్లు తిరక్కముందే అమ్మకు నెత్తురు పోవడం మొదలై ఆగలేదు. బిందె ఎత్తబోయి గడపలోనే కూలబడింది. నాకు నిజంగా భయం వేసింది. కార్డు పట్టుకుని అదే ఆసుపత్రికి పోయాం.

కౌంటరులో అదే ఇస్త్రీ చొక్కా. కంప్యూటర్ చూసి, ఈమె గర్భసంచి ఎప్పుడో తీసేశాం, మళ్ళీ కుదరదన్నాడు. తీయించుకున్న మనిషికి నెత్తురు ఎక్కడిదని అడగాలన్న ఇంగితం కూడా లేదు. ఇంకొకరి కార్డు తెమ్మన్నది మీరే కదా అని నేను నిలదీశాను. అతను ఒక తెల్ల కాగితం నా వైపు తోశాడు. కార్డు వాడుకున్నది ఎవరో రాసిస్తే పోలీసులు ఆమె సంగతి చూస్తారట, అమ్మకు ఆపరేషన్ చేస్తారట.

నేను పెన్ను తీశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, రాసేదాన్నే. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"రాయొద్దు. అది నన్ను నమ్మి తీసుకుపోయింది. లెయ్, పోదాం."

బస్సులో ధర్మపురి సర్కారు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. మంచం దొరకలేదు. మూడు రోజులు వరండాలో, చాప మీద. ఈగలు, ఫినాయిలు వాసన, ఆయాల అరుపులు. అన్నీ ఉన్నాయి, కానీ కార్డేదని ఒక్కరూ అడగలేదు. నాలుగో రోజు, నిద్రలేక కళ్ళు ఉబ్బిన ఒక డాక్టరమ్మ కేసు కాగితం పట్టుకుని వచ్చింది. ఇంతకు ముందు ఆపరేషన్ ఏదైనా అయిందా అని తమిళంలో అడిగింది.

అమ్మ కూడా తమిళంలోనే, మెల్లగా చెప్పింది. "ఒకసారి కంప్యూటర్‌లో అయిందమ్మా. గర్భసంచి తీసేసినారంట. మీరు నిజంగా తీయండి."

డాక్టరమ్మ నవ్వలేదు. అమ్మ ముఖం కాసేపు చూసి, కాగితం మీద 'లేదు' అని రాసుకుంది.