ఇబ్రి పొద్దు, ఉదయగిరి పొద్దు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. ఆత్మకూరులో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతూనే, వారంలో కొన్ని రోజులు తొలి బస్సుకు ఉదయగిరి వెళ్లి, కదల్లేని రోగులను ఇళ్ల దగ్గరే చూసేదాన్ని. అలా చూసినవాళ్లలో రమణమ్మ ఒకరు.

ఒమన్‌లోని ఇబ్రి అనే ఊళ్లో ఆమె ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పనిచేసింది. సెలవు మీద ఉదయగిరి వచ్చినప్పుడు పక్షవాతం వచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి. కాలు తొందరగానే దారికొచ్చింది. చెయ్యి మొండికేసింది. గుప్పిట మూయగలదు, వేళ్లు విడివిడిగా కదలవు. బొత్తాం పెట్టుకోవడం, ముడి వెయ్యడం లాంటి సన్నపనులను మేము ఫైన్ మోటార్ అంటాం. దానికోసం గోళీలు ఏరమంటే రెండు ఏరి, గిన్నె పక్కకు నెట్టేసేది.

"ఇప్పుడు ఆడ తెల్లారతా ఉంటాది," అనేది కిటికీ వైపు చూస్తూ. ఇబ్రి మనకన్నా గంటన్నర వెనక. ఆమె అన్నం తినేది, పడుకునేది ఇక్కడైనా, పొద్దు మాత్రం అక్కడిదే.

ఆ ఊరు ఎలా ఉంటుందని అడిగితే ముఖం వెలిగిపోయేది.

"మన మాదిరే మేడమ్. కోట ఉండాది, రాళ్లకొండలుండాయి, ఎండ చెప్పబళ్లేదు. మధ్యాన్నం అంగళ్లన్నీ మూసేసి పడుకుంటారు. మనుషులే వేరే. ఎదురుపడితే నువ్వు బాగుండావా, ఇంట్లో బాగుండారా, పిల్లకాయలు బాగుండారా అని అన్నీ అడిగినాకనే పనిమాట ఎత్తుతారు. ఈడేమో, ఏందిమే, ఎప్పుడొచ్చినావు, మళ్లెప్పుడు పోతావు అంటారు!"

"మళ్లీ వెళ్తారా?" అన్నాను నేనూ ఉదయగిరి మనిషిలాగే.

"మరియం ఉండాది గదా," అంది.

మరియం ఆ ఇంటి పాప. పుట్టినప్పటి నుంచి రమణమ్మ చేతుల్లోనే పెరిగింది. బడికి వెళ్లేముందు రోజూ వీడియో కాల్ చేసేది. ఒకరోజు నేను ఉండగానే చేసి, చెదిరిన జుట్టు చూపించి అరబ్బీలో ఏదో అడిగింది.

"నాకు జడ ఎవురేస్తారు అంటా ఉండాది," అని రమణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తర్వాతిసారి వెళ్లినప్పుడు గోళీలు తీసేసి, జడలా అల్లడానికి కిటికీ ఊచకు మూడు పాయల గోనెతాడు కట్టాను. ఎవరికోసమో చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె తనంతట తానే దాని ముందు కూర్చుంది. వారాలు గడిచేకొద్దీ చూపుడు వేలు కదిలింది, తర్వాత బొటనవేలు.

ఆమె కూతురు సుజాత బట్టల అంగట్లో పనిచేసేది. గుమ్మంలో నిలబడి ఈ తతంగమంతా చూసి, పనికి వెళ్లిపోయేది. ఒకరోజు నాతో పాటు బస్టాండు దాకా నడిచింది.

"నా జడ ఎప్పుడూ పిన్నమ్మే వేసింది మేడమ్. మాయమ్మ ఇబ్రికి పోయేటప్పటికి నేను శానా చిన్నదాన్ని," అంది. గొంతులో కోపం లేదు.

వేసవి ముగిసేసరికి ఇబ్రి ఇంటివాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. మరియం వీడియోలో నున్నగా దువ్విన జడ చూపించి మురిసిపోయింది. రమణమ్మ కూడా నవ్వుతూ మెచ్చుకుంది. ఫోను పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంది.

నేను కిటికీ ఊచ నుంచి తాడు విప్పి తెచ్చి చేతికందించాను. ముట్టుకోలేదు.

"ఇంకెవురికి మేడమ్?"

అంగడికి బయలుదేరిన సుజాత గుమ్మం దగ్గర ఆగింది. వేసుకున్న జడ విప్పేసి, వచ్చి మంచం ముందు నేలమీద వీపు తిప్పి కూర్చుంది.

"నాకెయ్యి మా. టైమవతా ఉండాది."

రమణమ్మ మెల్లగా లేచి కూర్చుంది. జుట్టును మూడు పాయలు తీసింది. పాయలు జారాయి. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారాయి. సుజాత మెడ కదిలించలేదు. చివరికి వంకరటింకరగా, కొస వదులుగా ఒక జడ తయారైంది. నేను రబ్బరుబ్యాండు బిగిద్దామని చెయ్యి చాపితే, సుజాత తల పక్కకు తీసుకుంది.

"ఉండనీండి మేడమ్."

ఆ జడతోనే అంగడికి వెళ్లింది.

రమణమ్మ చెయ్యి పూర్తిగా రాలేదు. ఆమె మళ్లీ ఇబ్రి వెళ్లనూ లేదు. మరియం రోజూ కాకపోయినా, బడి సెలవైన శుక్రవారాల్లో ఫోను చేస్తూనే ఉంది, ఈమె ఎదురుచూస్తూనే ఉంది. ఇప్పుడు కొత్త రోగిని చూసినప్పుడు, ఆ చెయ్యి ఎవరికోసం కదలాలనుకుంటోందని ముందు అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండనక్కర్లేదని ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను.