బూమ్ కర్ర పట్టుకున్న ఏడాది

ఆ ప్రకటన నాకు వాట్సాప్‌లో వచ్చింది. దేశ రాజధానిలో మా మిలటరీ కంటోన్మెంట్ క్వార్టర్లలో ఆడవాళ్ళ గ్రూపు ఒకటి ఉండేది. నీళ్ళు ఏ వేళకు వస్తాయి, కూరగాయల బండి ఎక్కడ ఆగింది వంటి కబుర్లే అందులో ఎక్కువ. ఒకరోజు ఎవరో ఒక కాగితం ఫొటో పెట్టారు. సినిమా, టీవీ రంగాల్లో తెలిసినవాళ్ళంటూ ఎవరూ లేని ఆడవాళ్ళకు నోయిడాలో ఆరు నెలలు ఉచితంగా పని నేర్పుతారట. కెమెరా, లైట్లు, సౌండ్, ఎడిటింగ్. వయసు పరిమితి లేదు. ఇంటర్ చదివితే చాలు.

నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. మాది విజయనగరం జిల్లా. మా ఆయన ఫౌజులో హవల్దారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి సామాను కట్టుకుని వెళ్ళడమే నా ఉద్యోగం. మా అమ్మాయి ఎనిమిదో తరగతికొచ్చింది. దానికి నేను జడ వేయనక్కర్లేదు, పాఠం చెప్పనక్కర్లేదు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. దరఖాస్తులో సౌండ్ అన్నచోట టిక్కు పెట్టాను. కెమెరాకీ ఎడిటింగ్‌కీ కంప్యూటర్ బాగా రావాలేమోనని భయం. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఇంటర్వ్యూ గదిలో పదిహేనుమందిమి ఉన్నాం. సౌండ్ నేర్పే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, జేబుల చొక్కా. అందరూ దీదీ అనేవారు. రెండు నిమిషాలు కళ్ళు మూసుకోండి, ఏం వినిపిస్తే అది కాగితం మీద రాయండి అన్నారు. నాకు హిందీ మాట్లాడటం వచ్చు, చదవడం, రాయడం రాదు. ఇంగ్లీషులో రాయాలంటే స్పెల్లింగుల దగ్గరే కాలం అయిపోతుంది. తెలుగులో రాసేశాను.

ఆవిడ నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "యే క్యా హై?"

"తెలుగు, దీదీ."

నవ్వులు వినిపించాయి. నా వెనక కూర్చున్న అమ్మాయి లేచింది. "నేను చదివి చెప్తా దీదీ" అని హిందీలో అని, కాగితం తీసుకుని ఒక్కో మాటా చెప్పసాగింది. ఫ్యాను రెక్క ఒకటి దేనికో రాసుకుంటోంది. లిఫ్టు తలుపు పూర్తిగా పడటం లేదు. ఎవరో బిస్కట్ ప్యాకెట్ విప్పుతున్నారు. గోడ అవతల ఒకమ్మాయి ఏడుస్తోంది, బయటికి వినపడకుండా.

దీదీ లేచి పక్కగదిలోకి వెళ్ళారు. కాసేపటికి తిరిగొచ్చారు. కెమెరా ఇంటర్వ్యూలో తడబడి బయటికొచ్చేసిన పిల్లట. మంచినీళ్ళిచ్చి మళ్ళీ లోపలికి పంపానని చెప్పి, నా పేరు పక్కన ఏదో రాసుకున్నారు.

బయటికొచ్చాక ఆ చదివిన అమ్మాయి నా పక్కనే నడిచింది. నల్లగొండ వైపు పిల్ల. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని మూడేళ్ళుగా సర్కారీ ఉద్యోగాల పరీక్షలు రాస్తోంది. "నాకైతే ఫ్యానొక్కటే వినబడ్డది అక్కా. మీరు గోడ అవతలిది గూడ రాసిండ్రు" అంది. వారం తర్వాత ఇద్దరికీ సీటు వచ్చినట్టు కబురొచ్చింది.

బూమ్ అంటే పొడుగాటి కర్ర, చివర మైకు. నటుల తలలమీదుగా, కెమెరాకు కనబడకుండా, మాట్లాడేవాళ్ళ నోటివైపు తిప్పుతూ దాన్ని పట్టుకోవాలి. చూడ్డానికి తేలిక. మొదటిరోజు రెండు నిమిషాలకే నా చేతులు వణికిపోయాయి. ఇంటికొచ్చి బూజుకర్రకు ఉప్పు ప్యాకెట్ కట్టి వరండాలో సాధన మొదలుపెట్టాను. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏటే ఇది? బూజు దులుపుతున్నావా, యుద్ధానికెళ్తున్నావా?"

"నవ్వకండి. చేతులు పడిపోతన్నాయి."

ఆయన బూట్లు విప్పకుండానే వచ్చి నా మోచేతులు సర్దారు. "అలగ కాదు. మోకాళ్ళు బిగించీకు. కండతో ఎత్తకు, ఎముక మీద నిలబెట్టు. మాకు శిచ్చ ఏస్తే రైఫిలు తలమీద ఎత్తి నిలబడమంటారు గదా. ఊపిరి బిగబట్టినోడే ముందు పడిపోతాడు."

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆయన గడియారం చూస్తూ నిలబడేవారు, నేను కర్ర ఎత్తి నిలబడేదాన్ని. "మమ్మీ, పడోసీ దేఖ్ రహే హైఁ" అని, పక్కింటివాళ్ళు చూస్తున్నారన్న సిగ్గుతో మా అమ్మాయి తలుపు వేసుకునేది. మూడో నెలకు పది నిమిషాలు నిలబడగలిగాను.

ఐదో నెలలో మమ్మల్ని నిజమైన షూటింగులకు పంపారు. అప్పటికి నాకు మంచి స్నేహితురాలైన ఆ నల్లగొండ పిల్లకు నోయిడాలోనే ఒక డబ్బింగ్ స్టూడియో దొరికింది. నన్ను గ్రేటర్ నోయిడాలో ఒక హిందీ సీరియల్‌కి పంపారు. అక్కడి సౌండ్ రికార్డిస్టు అరవైకి దగ్గరపడ్డ మనిషి. సెట్లో ఆయన్ని దాదా అనేవారు. నన్ను చూడగానే, ఏ నటి తల్లినో అనుకున్నట్టున్నారు, "ఆంటీ, ఆప్ ఉధర్ బైఠియే" అని కుర్చీ చూపించారు.

"దాదా, నేను బూమ్ పట్టడానికొచ్చాను" అన్నాను హిందీలో. ఆయన ఆ కుర్చీని తనే లాక్కుని కూర్చున్నారు.

మొదటి రెండు రోజులూ తీగలు చుట్టించారు. మూడో రోజు శనివారం. అసిస్టెంటు ఆలస్యంగా వస్తున్నాడని కర్ర నా చేతికిచ్చారు. ఆస్పత్రి సీను. కాలికి కట్టుతో మంచం మీదున్న తండ్రి ఇంటికి ఫోను చేసి, నాకేం కాలేదు, భోజనం కూడా అయింది, మీరు పడుకోండి అంటాడు. అంతే సీను.

ఒకప్పుడు మా ఆయన కుటుంబాలను రానివ్వని సరిహద్దు కొండల్లో ఉండగా సరిగ్గా అవే మాటలు ఫోన్లో చెప్పారు. రెండు నెలల తర్వాత సెలవుకొచ్చి చొక్కా విప్పితే భుజం మీద కుట్లు కనిపించాయి. అది గుర్తొచ్చింది. కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి. రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి, తుడుచుకునే దారి లేదు. ఉండబట్టలేక ముక్కు ఎగబీల్చాను. ఆ కుదుపుకి మైకు కిందికి దిగి నటుడి నుదురు ముందు వేలాడింది.

"కట్! కౌన్ రో రహా హై?" అంటూ, ఏడుస్తున్నదెవరని డైరెక్టరు అరిచారు. సెట్టంతా నవ్వింది. దాదా లేచి వచ్చి నా చేతిలోంచి కర్ర తీసుకున్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం దాకా మెట్లమీద కూర్చున్నాను.

బస్సులో వస్తూ, ఇక మానేస్తానని నా స్నేహితురాలికి ఫోను చేశాను. ఆమె అంతా విని, "ఏడ్చుడు తప్పు గాదక్కా" అంది. "తర్వాత ఏం మాట వస్తదో మీకు తెల్వదు. అందుకే మీరు కూసొని కథ విన్నట్టు వింటున్నరు. డైలాగులు నోటికి వస్తే కథ మీద గాదు, పని మీద ఉంటది మనసు. రేపు కాయితాలు పట్టుకొని నా రూముకు రాండ్రి."

ఆదివారం పొద్దున కటవారియా సరాయ్‌లోని ఆమె గదికి వెళ్ళాను. మంచం, టేబులు పోగా ఒక మనిషి నిలబడేంత చోటు. గోడ నిండా మ్యాపులు, కిందినుంచి నడుము ఎత్తు దాకా పుస్తకాలు. సోమవారం తీయబోయే సీన్లవి, సెట్లో శనివారమే పంచిన కాగితాలు హిందీలో ఉన్నాయి. ఆమె వాటిని చదువుతూ ఒక నోటు పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసింది. మధ్యాహ్నానికి నాలుగు సీన్లూ పూర్తయ్యాయి. ఇంటికొచ్చి పిండి కలుపుతూ వల్లెవేశాను. మా ఆయన వంటింటి గడపలో కూర్చుని సీన్లోని అత్తగారి డైలాగులు అందిస్తూ, ప్రతి మాటనీ పరేడ్ మైదానంలో ఆర్డరిచ్చినట్టు చెబుతుంటే మా అమ్మాయి కూడా తలుపు తెరుచుకుని వచ్చి నవ్వింది.

సోమవారం దాదా నావైపు చూడలేదు. నేనే వెళ్ళాను.

"దాదా, ఏక్ సీన్ దీజియే. రోఊంగీ నహీఁ." ఒక్క సీను ఇవ్వండి, ఏడవను అని.

"పక్కా?"

"పక్కా."

వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళు పోట్లాడుకునే సీను. మొదటి మాటలన్నీ కాగితంలో ఉన్నట్టే నడిచాయి. ఇంతలో అత్త వేషం వేసిన పెద్దావిడ ఒక మాట మరిచిపోయింది. ఇప్పుడెవరు మాట్లాడతారో నాకు తెలియదు. చిన్నకోడలి భుజాలు కొంచెం పైకి లేచాయి. కర్ర అటు తిప్పాను. మైకు చేరిన క్షణంలోనే ఆ పిల్ల తన సొంత మాట ఒకటి అనేసి సీను నిలబెట్టింది.

కట్ అన్నాక దాదా చెవులమీది హెడ్‌ఫోన్ దించారు. "ఆ మాట కాగితంలో లేదు. నీకెలా తెలిసింది?"

"మాటకంటే ముందు ఊపిరి తీసుకుంటారు కదా, దాదా. అది చూశాను."

ఆయన నా నోటు పుస్తకం అడిగి తీసుకున్నారు. తలకిందులుగా పట్టుకుని పేజీలు తిప్పారు. "యే క్యా, జలేబీ మేఁ లిఖా హై?" అన్నారు, జిలేబీ చుట్టల్లాంటి మన అక్షరాలు చూసి. పుస్తకం తిరిగిచ్చి, "కల్ సాత్ బజే" అని, మర్నాడు రమ్మని చెప్పి వెళ్ళిపోయారు. శిక్షణ ముగిశాక కూడా ఆ ఏడు గంటల పిలుపు ఆగలేదు.

నా స్నేహితురాలు మాత్రం చివరి నెలలో మానేసింది. ఎప్పుడో రాసిన పరీక్షకు ఫలితం వచ్చి హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. నాకు కోపం వచ్చింది. "నన్ను మానొద్దని చెప్పి నువ్వు వెళ్ళిపోతావా?" అన్నాను.

"అక్కా, మీ వెనక బావగారి నౌకరీ ఉన్నది. నా వెనక ఎవ్వరున్నరు? ఈ పని ఈ నెల ఉంటది, వచ్చే నెల ఉంటదో ఉండదో. మా ఇంట్ల మొదటిసారి ఆఫీసుల కూసునేది నేనే."

ఆర్నెల్లుగా పక్కపక్కన కూర్చున్నా, మా ఇద్దరి కాళ్ళ కింద ఉన్న నేల ఒకటి కాదన్న సంగతి నాకు తోచలేదు. స్టేషన్ దాకా వెళ్ళి, ఆమె పుస్తకాల సంచుల్లో రెండు నేను మోశాను. రైలు కదిలేదాకా చెయ్యి పట్టుకునే ఉంది.

ఆ చలికాలంలోనే మా ఆయనకు బదిలీ వచ్చింది. నేను అలవాటుగా అటకమీద ట్రంకుపెట్టె దింపబోయాను. ఆయన ఆపారు.

"పదహారేళ్ళు నా సామాను నువ్వు కట్టావు. ఈసారి నా పెట్టి నానే కట్టుకుంటాను. నువ్వు రాకు."

"పిల్లా నేనూ ఇద్దరమే ఎలా ఉంటాం?"

"నాను కొండల్లో ఉన్నప్పుడు ఉన్నావు గదా. అప్పుడు పుట్టింట్లో ఉన్నావు, ఇప్పుడు నీ పని దగ్గిర ఉంటావు. అంతే గదా తేడా."

క్వార్టరు ఖాళీ చేసి జనక్‌పురిలో రెండు గదుల వాటా తీసుకున్నాం. ఆయన వెళ్ళిన వారం చాలా కష్టంగా గడిచింది. తర్వాత అమ్మాయే పొద్దున టీ పెట్టి నన్ను లేపడం మొదలుపెట్టింది.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు నేను మరిచిపోయిన భోజనం డబ్బా పట్టుకుని ఆయన సెట్‌కి వచ్చారు. సరిగ్గా గేటు దాటుతుండగా ఎవరో "సైలెన్స్!" అని కేకవేశారట. సీను అయిపోయి కర్ర దించి చూద్దును కదా, ఎండలో అటెన్షన్‌లో నిలబడి ఉన్నారు, డబ్బా పక్కకు ఆనించి పట్టుకుని.

దగ్గరికెళ్ళి, "కట్ చెప్పేశారండీ, కదలొచ్చు" అన్నాను.

"మరి నాకెవులు సెప్పారు?" అన్నారు.

సౌండ్ వ్యాను నీడలో ఇద్దరం కూర్చుని ఆ డబ్బా విప్పుకున్నాం.