నేను రాయని రెఫరల్ చీటీ

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. మాది చర్చికి పోయే కుటుంబం. పైగా పదకొండేళ్లుగా శవాల గది పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషిని. ఇప్పటికీ దయ్యమని అనను. ఏమనాలో తెలియదు, అంతే.

మంచిర్యాల వైపు ఒక సర్కారు దవాఖానలో ఓపీ గుమాస్తాను. మా డాక్టర్ సోమవారం పొద్దున వచ్చి, ఖాళీ రెఫరల్ చీటీల మీద వారానికి సరిపడా సంతకాలు పెట్టి, సొంత క్లినిక్‌కి పోయేవాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం. కష్టమైన కేసు వస్తే నేను పేరు, జబ్బు, టైము రాసి కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపాలి. ఆయనంటే నాకు ఒళ్లుమంట. ఆయనకు నేను పురుగుతో సమానం. 'ఛాతీ' అని రాయడం కూడా రాదని నలుగురిలో వెక్కిరించేవాడు. నేనెప్పుడూ 'చాతి' అనే రాస్తాను.

ఒక మంగళవారం పొద్దున ఆ చీటీలుండే సొరుగు తాళం తీశాను. ఆ తాళంచెవి నా మెడలోనే ఉంటుంది. పై చీటీ నింపి ఉంది. పోశవ్వ, యాభై రెండేళ్లు, లక్సెట్టిపేట. చాతి నొప్పి. పదకొండు ఇరవై. అక్షరాలు నావే. రిజిస్టరంతా తిరగేశాను, ఆ పేరుతో ఎవరూ రాలేదు. పరాకున రాశానేమో అనుకుని పక్కన పెట్టాను.

పదకొండు దాటాక ఆటోలోంచి ఒకామె కోడలి భుజం పట్టుకుని దిగింది. రెండో చెయ్యి గుండె మీద ఉంది. పేరడిగితే పోశవ్వ అంది. ఊరు అడగడానికి నాకు నోరు రాలేదు. కోడలే చెప్పింది.

భయమేసి డాక్టర్‌కి ఫోన్ చేశాను. "సార్, మీరు జర రాండ్రి. ఈమె రాకముందే ఈమె పేరు చీటీ మీద ఉన్నది."

"సంతకం ఉన్నది గదా? ఇచ్చి పంపు. నా బుర్ర తినకు," అని పెట్టేశాడు.

పోశవ్వ కిటికీ ఊచ పట్టుకుంది. "బిడ్డా, డాక్టర్ సారు జర చెయ్యి పట్టి సూడడా?"

చూడడని చెప్పడానికి సిగ్గేసింది. చీటీ ఆమె చేతిలో పెట్టి గడియారం చూశాను. పదకొండు ఇరవై.

దారిలోనే పోయింది. కోడలు వచ్చి గొడవ చేస్తే విచారణ పెట్టారు. నేను ఫోన్లో అన్న మాటనే డాక్టర్ నా మీద సాక్ష్యంగా చెప్పాడు. రోగి రాకముందే చీటీ ఎందుకు నింపారని నాకు మెమో ఇచ్చారు. రోగి రాకముందే పెట్టిన సంతకం గురించి ఒక్కరూ అడగలేదు.

నేను రాయలేదని జవాబిచ్చాను. ఎవరూ నమ్మలేదు. ఆ చీటీ ఎవరు రాశారో నాకు ఇవాళ్టికీ తెలియదు. దానికి ముందు ఇచ్చినవన్నీ మాత్రం నేనే రాశాను, ఒక్కరి మొహమూ చూడకుండా.